లిస్టులో పంతొమ్మిదో పేరు ఎప్పుడూ నాదే... ఇంకెన్నాళ్లు?

ఈ వారం ఉత్తరం రాసిన అమ్మాయికి 27 ఏళ్లు. దేశం తరఫున 40కి పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన హాకీ మిడ్‌ఫీల్డర్. పేరు, డిపార్ట్‌మెంటు బయటపెట్టొద్దని కోరింది. ఎవరో పోల్చుకునే వివరాలు ఇంకొన్ని నేనే తీసేశాను.

22 ఏళ్లకు మొదటిసారి దేశం జెర్సీ వేసుకుంది. రెండేళ్లు సాఫీగా సాగింది. తర్వాత చిన్న టూర్లకు పేరు ఉండటం, పెద్ద టోర్నీ వచ్చేసరికి స్టాండ్‌బైలోకి జారడం మామూలైపోయింది. ఒకసారి జట్టుతో పాటు విదేశం వెళ్లి, అన్ని మ్యాచ్‌లూ గ్యాలరీలో కూర్చుని చూసి వచ్చింది. "అందరూ 'అయినా వెళ్లావుగా' అన్నారు అక్కా. ఆ మాటకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు" అని రాసింది.

ఇప్పుడు నాలుగు వైపుల నుంచి నాలుగు విషయాలు మీదికొచ్చాయి. డిఫెన్స్‌లోకి మారి, పెనాల్టీ కార్నర్లకు (ఫౌల్ జరిగితే ఎదుటి జట్టుకు గోల్ దగ్గర దక్కే కొట్టే అవకాశం) ఎదురు పరుగెత్తే రషర్ పని నేర్చుకుంటే వచ్చే క్యాంపులో చూస్తామన్నాడు కోచ్. డిపార్ట్‌మెంటు వాళ్లు జూనియర్ అమ్మాయిలకు కోచ్‌గా పోస్టింగ్ ఇస్తామంటున్నారు, నెలలోగా జవాబు కావాలి, చేరితే క్యాంపులకు సెలవు కష్టం. పెళ్లి చేసుకుందామనుకున్న అబ్బాయి మూడేళ్లుగా ఆగుతున్నాడు. అతను ఒత్తిడి చేయడం లేదు గానీ, "ఎప్పటిదాకా?" అని ఈమధ్యే మొదటిసారి అడిగాడు. నాలుగోది ఎవరికీ చెప్పనిది. కుడి మోకాలు గట్టి ప్రాక్టీసు చేసిన మర్నాడు వాస్తోంది. జట్టు ఫిజియోకు తెలిస్తే లిస్టులోంచి పోతానన్న భయంతో, బయట ఒక డాక్టరు దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంది. రెండు నెలలు నొప్పి లేదు. ఇప్పుడు మళ్లీ మొదలైంది.

చివరన చిన్న అక్షరాల్లో ఇంకో మాట. "నా స్థానంలోకి వచ్చింది నా రూమ్మేటే. 20 ఏళ్ల పిల్ల. నన్ను అక్కా అంటుంది. ప్రాక్టీసులో తను బాల్ ట్రాప్ చేయలేకపోతే నాకు లోపల సంతోషం వేస్తోంది. నేను ఇలాంటిదాన్ని కాదు."

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను. నేను హాకీ ఆడింది యూనివర్సిటీ దాకే. టర్ఫ్ మీద నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసని చెప్పను. కానీ ఆటను వదలకుండా చూస్తూ వచ్చాను. బయట నిలబడి చూసేవాళ్లకు ఒక్కోసారి లోపలివాళ్లకు కనిపించనిది కనిపిస్తుంది.

ముందు మోకాలి సంగతి. ఉత్తరంలో దీన్ని మధ్యలో దాచినట్టు రాశావు గానీ, మిగతా మూడూ దీని తర్వాతే. బయట వేసిన ఆ ఇంజెక్షన్ ఏమిటో నీకు తెలుసా? రాయలేదంటే తెలియదేమో అనిపించింది. కీలులోకి ఒక సూది వేస్తే రెండు నెలలు నొప్పి పోయిందంటే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశం చాలా ఉంది. 2022 జనవరి 1 నుంచి ఆ రకం స్టెరాయిడ్లను సూది ద్వారా ఎలా తీసుకున్నా, కీలులోకైనా సరే, పోటీల సమయంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించింది. అంతకుముందు కీలులోకి వేస్తే ఫర్వాలేదనేవారు, కాబట్టి పాత ఆటగాళ్లు చెప్పే మాటలు నమ్మకు. మందును బట్టి అది శరీరంలోంచి పోవడానికి వారాలు కూడా పట్టొచ్చు. డోపింగ్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అన్న మాట నిన్ను పూర్తిగా కాపాడదు, ఒంట్లో ఏముందో దానికి ఆటగత్తెదే బాధ్యత. ఆ డాక్టరు దగ్గర చీటీ తీసుకో. మందు పేరు, మోతాదు, తేదీ ఉండాలి. దాన్ని పట్టుకుని జట్టు డాక్టరు దగ్గరికి వెళ్లు. చికిత్స కోసం వాడిన మందుకు మినహాయింపు అడిగే పద్ధతి ఉంది, కొన్ని సందర్భాల్లో తర్వాతైనా అడగొచ్చు. అది వాళ్లు చూస్తారు. నువ్వు దాచింది ఇంకొకరి చేతుల్లోంచి బయటపడితే అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

మోకాలు ఏమైందో నేను చెప్పలేను. మెనిస్కస్ కావచ్చు, కార్టిలేజ్ కావచ్చు, కండరాలు బలపడితే పోయేది కావచ్చు. ఎమ్మారై తీసి, చేత్తో పట్టి చూసినవాళ్లు చెప్పాలి. నీ లెక్కలో మాత్రం ఒక తప్పుంది. ఫిజియోకు చెబితే ఒక క్యాంపు పోవచ్చు, అది నిజమే. చెప్పకుండా పరుగెత్తి లిగమెంటు తెగితే? ఏసీఎల్ (మోకాలిలోని ముఖ్యమైన లిగమెంటు) ఆపరేషన్ అయ్యాక మళ్లీ మ్యాచ్ ఆడాలంటే తొమ్మిది నెలలకు తగ్గదు, చాలామందికి ఏడాది. నడుము వంచి, మోకాళ్లు ముడిచి, ఒక్కసారిగా దిశ మార్చే ఆట నీది. పైగా కోచ్ అడుగుతున్నది రషర్ పని. గోల్‌లైన్ దగ్గర్నుంచి ప్రాణం పెట్టి పరుగెత్తి, ఫ్లిక్ చేసేవాళ్ల స్టిక్ మీదికి వెళ్లడం. దానికి నమ్మకం లేని మోకాలు పనికిరాదు. సునీత లాక్రా గుర్తుందా? 139 మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్. టోక్యో ఒలింపిక్స్ ఆడాలని మోకాలితో పోరాడి, వీలుకాక 2020 జనవరిలో రిటైరైంది. నీకూ అలాగే అవుతుందని బెదిరించడం లేదు. మోకాలు ముందు, లిస్టు తర్వాత అనే క్రమం సీనియర్లను కూడా వదల్లేదని చెబుతున్నాను.

ఇక 'అయినా వెళ్లావుగా' అన్న మాట. అది ఎందుకు అంత గుచ్చుకుందో నాకు తెలుసనుకుంటా. క్రికెట్ చూసి పెరిగిన జనానికి హాకీ బెంచి అర్థం కాదు. క్రికెట్‌లో పన్నెండో మనిషి నీళ్లు మోస్తాడు. హాకీలో మామూలుగా మ్యాచ్‌కు 18 మంది జట్టు, టర్ఫ్ మీద 11 మందే ఉన్నా మార్పులకు లెక్కే లేదు. 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఒక్కో దాంట్లో మిడ్‌ఫీల్డర్ కాసేపు ఊపిరాడకుండా పరుగెత్తి బయటికొస్తుంది, మళ్లీ లోపలికి వెళ్తుంది. అంటే గోల్‌కీపర్ల సంగతి పక్కన పెడితే, ఆ రోజు జట్టులో పేరున్న ప్రతి అమ్మాయీ ఆడుతుంది. పేరు లేని అమ్మాయి ఒక్క నిమిషం ఆడదు. కాబట్టి మొదటి పేరుకూ పద్దెనిమిదో పేరుకూ ఉన్న తేడా కంటే, పద్దెనిమిదికీ పంతొమ్మిదికీ మధ్య తేడా ఎక్కువ. నువ్వు గ్యాలరీలో కూర్చున్నది ఆ సందులో. దానికి ఏడుపొస్తే తప్పేం లేదు.

ఒలింపిక్స్ అయితే ఇంకా ఇరుకు. 16 మందే. అందులో గోల్‌కీపర్‌గా ఒక్కరినే తీసుకెళ్లడం మామూలు. టోక్యోలో కోవిడ్ వల్ల మాత్రం 18 మందిని ఉంచి, మ్యాచ్‌కు 16 మందిని ఎంచుకోనిచ్చారు. పారిస్‌కు మళ్లీ 16, పక్కన రిజర్వులు. ఆ రిజర్వుల్లోంచి ఎప్పటికీ ఎవరూ పైకి రారా అంటే, వస్తారు. పురుషుల జట్టునే చూడు. పారిస్‌లో జుగ్‌రాజ్ సింగ్ రిజర్వు. నెలన్నర తిరక్కుండా ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో చైనా మీద పడిన ఒకే ఒక్క గోలు అతనిదే. కృష్ణ పాఠక్ టోక్యోలోనూ పారిస్‌లోనూ శ్రీజేశ్ వెనక రిజర్వు గోల్‌కీపరే, శ్రీజేశ్ రిటైరయ్యాక గోల్‌పోస్టు అతని చేతికొచ్చింది. అయితే వాళ్లిద్దరి చేతిలోనూ ప్రత్యేకమైన పని ఒకటుంది. ఒకరికి డ్రాగ్‌ఫ్లిక్ (పెనాల్టీ కార్నర్‌లో బాల్‌ను స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసరడం), ఇంకొకరికి గోల్‌పోస్టు. ఖాళీ వచ్చినప్పుడు ఆ పనికి ఇంకెవరూ సరిపోరు.

నీ చేతిలో అలాంటి పని ఏముంది? బాధపడకు. మంచి మిడ్‌ఫీల్డర్లు క్యాంపులో ఏడెనిమిది మంది ఉంటారని నువ్వే రాశావు. 16 మంది జట్టులో ప్రతి అమ్మాయీ రెండు పనులు చేయాలి. ఆ లెక్కలోనే నువ్వు జారిపోతున్నావు, ఆటలో కాదు. కోచ్ అన్న మాట నీకు అవమానంలా వినిపించింది ("ఐదేళ్లు ఆడాక కొత్తగా నేర్చుకోమంటున్నాడు" అని రాశావు). నాకు అది ఈ మొత్తంలో దొరికిన ఒకే ఒక్క స్పష్టమైన సమాచారంలా వినిపిస్తోంది. సెలెక్టర్లు ఎందుకు తీశారో చెప్పని చోట, ఏం చేస్తే తీసుకుంటారో ఒకాయన చెబుతున్నాడు. మన జట్టులోని ఉదిత ఫార్వర్డ్‌గా వచ్చి డిఫెండర్‌గా స్థిరపడింది. 2025 జనవరిలో మహిళల హాకీ ఇండియా లీగ్ మొదలైనప్పుడు వేలంలో అందరికంటే ఎక్కువ ధర, 32 లక్షలు, పలికింది ఆమెకే. పెనాల్టీ కార్నర్ ఆపడానికి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు. ముందు పరుగెత్తే రషర్ ధైర్యం మీద చాలా మ్యాచ్‌లు తేలతాయి. ఆ పని ఇష్టపడి చేసేవాళ్లు ఏ క్యాంపులోనూ ఎక్కువమంది ఉండరు. బాల్ మోకాలికీ ముఖానికీ తగిలే పని కదా మరి.

దీనికీ ఒక ఖర్చుంది. డిఫెన్స్‌లో మొదటి ఆరు నెలలు నువ్వు అందరికంటే వెనకబడతావు. మిడ్‌ఫీల్డ్‌లో చేసిన తప్పును వెనకవాళ్లు సర్దుతారు, డిఫెన్స్‌లో చేసిన తప్పు గోలై కూర్చుంటుంది. మారాక కూడా తీసుకోకపోవచ్చు, అప్పుడు రెండు చోట్లా కాకుండా పోయానని అనిపిస్తుంది. అందుకే కోచ్‌ను ఇంకో మాట అడుగు. "ఎన్ని మ్యాచ్‌లు చూస్తారు? ఎప్పుడు చెబుతారు?" జవాబు చెప్పకపోతే అదీ జవాబే.

నువ్వు రాసిన ఒక వాక్యం మీద కాసేపు ఆగాను. "2028 ఒలింపిక్స్ ఆడకపోతే ఇదంతా దండగ." ఈ వాక్యంతో నాకు పేచీ ఉంది. ఒలింపిక్స్ ఆడటం నీ చేతిలో లేకపోవడం ఒక ఎత్తు, అది జట్టు చేతిలో కూడా పూర్తిగా లేదు. 1980 మాస్కో తర్వాత మన అమ్మాయిలకు మళ్లీ ఒలింపిక్స్ దక్కడానికి 36 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో ఎన్ని తరాల మంచి ఆటగత్తెలు వచ్చి వెళ్లారో లెక్కేసుకో. 2002 కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన జట్టు కూడా ఆ మధ్యలోదే. వాళ్ల ఆట దండగైందా? రియోకు జట్టు అర్హత సాధించినప్పుడు కెప్టెన్ రీతూ రాణి. తీరా రియో వెళ్లిన జట్టులో ఆమె పేరే లేదు. టోక్యోలో నాలుగో స్థానంలో నిలిచిన జట్టు, 2023 ఆసియా క్రీడల సెమీస్‌లో చైనా చేతిలో 0-4తో ఓడి నేరుగా దక్కే చోటు పోగొట్టుకుంది. 2024 జనవరిలో రాంచీలో జపాన్ మీద 0-1తో ఓడి పారిస్ మొత్తానికే పోగొట్టుకుంది. ఆ జట్టులో మొదటి పేరు నీదే అయినా పారిస్ చూసేదానివి కాదు. నీ పెళ్లిని, ఉద్యోగాన్ని, మోకాలిని ఇలాంటి ఒక్క గోలు తేడాకు కట్టేస్తున్నావు.

అలాగని మానేయమనడం లేదు. మానేయడానికీ, కొనసాగడానికీ మధ్య ఇంకో దారి ఉంది. నీ తేదీ నువ్వు పెట్టుకోవడం. లిస్టు వాళ్లది, తేదీ నీది. ఉదాహరణకు మోకాలు బాగుందని తేలితే, ఒక క్యాంపు, ఒక టూరు, లేదా ఒక పూర్తి దేశవాళీ సీజను అనుకో. అప్పటికి డిఫెండర్‌గా జట్టులో ఉంటే కొనసాగు. స్టాండ్‌బైలోనే ఉంటే సెలవు తీసుకో. కాగితం మీద రాసి పెట్టుకో, ఎందుకంటే ఆ రోజు వచ్చేసరికి "ఇంకొక్కసారి" అనిపిస్తుంది, ప్రతిసారీ అనిపిస్తుంది. 14 ఏళ్లకే సీనియర్ జట్టుకు ఆడి, టోక్యోలో కెప్టెన్‌గా ఉన్న రాణీ రాంపాల్ కూడా గాయం తర్వాత 2023 మొదట్లో దక్షిణాఫ్రికా టూరుకు తిరిగి వచ్చింది. ఆ తర్వాత పిలుపు కోసం చూసి, చివరికి 2024 అక్టోబరులో 29 ఏళ్లకు వీడ్కోలు చెప్పింది. నెలల్లోనే మహిళల లీగ్‌లో ఒక జట్టు శిక్షణ బృందంలో కనిపించింది. అంతటి పేరున్నామెకే ఎదురుచూపు తప్పలేదంటే, తేదీ లేని ఎదురుచూపు మనిషిని ఏం చేస్తుందో ఆలోచించు.

మధ్యలో కొన్నాళ్లు ఆగడం కూడా ఉంది. రియో ఫైనల్ షూటౌట్‌లో నెదర్లాండ్స్ వాళ్ల నాలుగు ప్రయత్నాలూ ఆపేసిన బ్రిటన్ గోల్‌కీపర్ మ్యాడీ హించ్, 2018లో అలసిపోయి అంతర్జాతీయ హాకీకి విరామం ఇచ్చింది, తర్వాతి ఏడాది తిరిగొచ్చింది. అయితే ఆమె స్వర్ణం గెలిచిన జట్టుకు ప్రధాన గోల్‌కీపర్, ఆమెకు తలుపు తెరిచే ఉంచుతారు. నీకు ఉంచుతారన్న హామీ లేదు. ఈ దారి ఎంచుకుంటే అది తెలిసి ఎంచుకో.

డిపార్ట్‌మెంటు పోస్టింగ్ గురించి నీ ఉత్తరంలో కొంచెం చులకన ఉంది. "పిల్లలకు స్టిక్ పట్టుకోవడం నేర్పించడం" అన్నావు. అదలా ఉంచు. ముందు చేయాల్సింది లిఖితపూర్వకంగా అడగడం. ఈ పోస్టింగ్ ఆరు నెలలు ఆపగలరా, క్యాంపు పిలుపు వస్తే సెలవు ఏ నిబంధన కింద ఇస్తారు లేదా ఇవ్వరు, చేరాక దేశవాళీ టోర్నీలకు డిపార్ట్‌మెంటు జట్టుకు ఆడొచ్చా. ఇవి ఫోన్లో అడిగితే ఎవరో ఒకరు "చూద్దాం మేడం" అంటారు. కాగితం మీద అడిగితే కాగితం మీద చెప్పాలి. ఆపుతామంటే నీకు సమయం దొరికింది. ఆపలేమంటే, చేరి దేశవాళీ ఆడుతూ లీగ్ వేలానికి పేరు ఇవ్వడం ఒక దారి. అంతర్జాతీయ పిలుపు తగ్గిపోతుంది గానీ ఆట పోదు. వదిలేసి క్యాంపుకే వెళ్తే, ఏడాది తర్వాత ఇదే పోస్టింగ్ ఇంకొకరి పేరు మీద ఉండొచ్చు. మూడింట్లో ఏది భరించగలవో నీకే తెలియాలి. ఉద్యోగమూ ఆటా రెండూ మోసినవాళ్లు లేకపోలేదు. ఆస్ట్రేలియా గోల్‌కీపర్ రేచెల్ లించ్ నర్సుగా పనిచేస్తూనే ఆడింది. 2020 చివర్లో ఆమెను జట్టులోంచి తీసేస్తే అప్పీలు చేసి గెలిచి టోక్యో ఆడింది. అక్కడి పద్ధతులు వేరు, కానీ "ఎందుకు తీశారు?" అని మర్యాదగా, రాతలో అడగడం ఎక్కడా నేరం కాదు. నువ్వు ఐదేళ్లలో ఒక్కసారైనా అడిగావా?

ఆ అబ్బాయి గురించి నాకు ఎక్కువ చెప్పాలని లేదు, ఎందుకంటే అతనిలో తప్పు కనిపించలేదు. మూడేళ్లు ఆగిన మనిషి "ఎప్పటిదాకా?" అని అడగడం ఒత్తిడి కాదు, ప్రశ్న. నీ దగ్గర తేదీ లేదు కాబట్టి అది ఒత్తిడిలా వినిపించింది. మోకాలి సంగతి కూడా అతనికి చెప్పలేదని గమనించాను. ముందు అది చెప్పు. పెళ్లయితే ఆట అయిపోయినట్టే అన్న నీ భయం గురించి అతన్నే నేరుగా అడుగు. మన గోల్‌కీపర్ సవిత పెళ్లయ్యాక కూడా గోల్‌పోస్టులో నిలబడుతూనే ఉంది. అయితే అందుకు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మనకు కనిపించదు. మీరిద్దరూ ఆ మాటలు ముందే మాట్లాడుకోండి. క్యాంపులో ఏడాదికి ఎన్ని నెలలు, పిల్లల సంగతి ఎప్పుడు, నువ్వు ఓడి ఇంటికొచ్చిన రోజు అతను ఏం మాట్లాడకూడదు అనేవి కూడా.

ఇక ఆ 20 ఏళ్ల పిల్ల. తను బాల్ వదిలేస్తే నీకు సంతోషం కలగడం నిన్ను చెడ్డదాన్ని చేయదు. ఒకే కుర్చీ కోసం ఇద్దరిని ఒకే గదిలో పెడితే ఇలాంటివి పుడతాయి. ఆమెకూ పుడుతుంటాయి, 'అక్కా' అంటూనే. దాన్ని మనసులోంచి తుడిచేయాలని కూర్చుంటే పోదు, వేరే పని పెడితే కొంచెం సర్దుకుంటుంది. ఫిజియో సరే అన్నాక, రషింగ్ నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు బ్యాక్‌లైన్ మీద నిలబడి, పోస్టుకు 10 మీటర్ల అవతల నుంచి బాల్‌ను లోపలికి తోయాలి (దాన్నే పుష్ అంటారు), రోజూ, సాయంత్రం సెషన్ అయ్యాక, అందరూ వెళ్లిపోయాక. ఆమెకూ పుష్ ఇవ్వడం అనే రెండో పని చేతికొస్తుంది. ఆ పిల్లనే అడిగి చూడు.